నిద్రలో తీసిన ఊపిరి బొమ్మ

పొద్దున ఎనిమిదిన్నర. హైదరాబాద్‌లో ఒక పిల్లల ఆస్పత్రి. కింది అంతస్తులో సీటీ గది ముందు వరండాలో ఒక బెంచీ. ఆ చివర మీరు కూర్చున్నారు. ఈ చివర ఒక తల్లి, ఆమె ఒడిలో ఏడు నెలల బాబు. వెనక నిలబడి తండ్రి. పక్కన నాయనమ్మ. ఆమె కాళ్ల దగ్గర బట్టల సంచి, దానికి ఆనించి పెద్ద ఎక్స్‌రే కవరు. కవరు మీద ఏదో ఊళ్లోని డయాగ్నస్టిక్ సెంటర్ పేరు చెమటకు చెరిగిపోయి ఉంది.

బాబు ఏడవడం లేదు. జ్వరం లేదు, ముక్కు కారడం లేదు. మిమ్మల్ని చూసి నవ్వాడు కూడా. ఆ నవ్వు చూస్తే ఏ జబ్బూ లేదనుకుంటారు. ఒక్కసారి పొట్ట వైపు చూడండి. చొక్కా పైకి జరిగింది. ఊపిరి పీల్చిన ప్రతిసారీ పక్కటెముకల కింద చర్మం లోపలికి గుంట పడుతోంది. లెక్కపెట్టండి. గడియారం చూస్తూ నిండా ఒక నిమిషం లెక్కపెట్టాలి. పావు నిమిషం చూసి నాలుగుతో హెచ్చవేస్తే లెక్క తప్పుతుంది, పసిపిల్లల ఊపిరి ఒకే తీరున నడవదు గనుక.

అరవై నాలుగు.

రెండు నెలలు నిండిన దగ్గర్నుంచి ఏడాది లోపు పిల్లలకు నిమిషానికి 50, ఆపైన ఉంటే వేగమైన ఊపిరి కింద లెక్క. రెండు నెలల లోపు వాళ్లకు ఆ గీత 60. ఏడాది దాటి ఐదేళ్ల లోపు వాళ్లకు 40. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన ఈ మూడు అంకెల మీదే మన పల్లెల్లో ఆశా కార్యకర్తలు, ఏఎన్ఎంలు నిమోనియాను పట్టుకుంటున్నారు.

"మూడో నెల నుంచి గిట్లనే బిడ్డా," అంటోంది నాయనమ్మ, మీరు అడగకుండానే. "డొక్కలు ఎగరేస్తడు. నిమ్ము చేరిందన్నరు, సూదులేసిన్రు. తగ్గిందన్నరు. మల్ల గట్లనే. దిష్టి గూడ తీపిచ్చినం."

తల్లి మాట చిన్నది. "పాలు తాగుకుంట మధ్యల ఆగుతడు. బరువు ఎక్కుతలేడు."

ఈ బాబు ఏ ఒక్క ఇంటి బిడ్డో కాదు. ఈ అరుదైన జబ్బున్న పిల్లల్లో మామూలుగా కనిపించేవన్నీ ఒకచోట చేర్చి మీ ముందుంచుతున్నాను. జబ్బు సంగతి, యంత్రం సంగతి, బొమ్మలో కనబడేదాని సంగతి మాత్రం ఉన్నదున్నట్టే.

నాయనమ్మ దగ్గర్నుంచి కవరు అందుకుని రేడియాలజిస్టు తన గదిలోకి నడిచింది. వెనకే వెళ్లండి. సగం చీకటిగా ఉన్న గది. గోడకు వ్యూ బాక్సు, బల్ల మీద రెండు పెద్ద మానిటర్లు. ఆమె కవర్లోంచి ఫిల్ములు ఒక్కొక్కటే తీసి, తేదీ వారీగా పేర్చి వ్యూ బాక్సుకు తగిలిస్తోంది. నాలుగో ఎక్స్‌రే ఫిల్ము లేదు. తండ్రి ఫోన్లో ఫోటో ఉందట, ట్యూబ్‌లైటుకు ఎదురుగా పట్టుకుని తీసినది. దాన్నీ అడిగి తెప్పించుకుంది.

మొదటి ఫిల్ము చూడండి. ఊపిరితిత్తులు రెండూ తెల్లగా, మసగ్గా ఉన్నాయి. దాని మీద ఎవరో పెన్నుతో "నిమోనియా" అని రాశారు. ఆమె వేలితో వెనక పక్కటెముకలు లెక్కపెట్టింది. పసిపిల్లవాడు నిండుగా పీల్చినప్పుడు తీసి ఉంటే ఎనిమిది దాకా కనబడాలి. ఇక్కడ ఆరే. అంటే బాబు ఏడుస్తూ గాలంతా వదిలేసిన క్షణంలో మీట నొక్కారు. గాలి లేని ఊపిరితిత్తి ఎవరిదైనా తెల్లగానే కనబడుతుంది. పైగా ఫిల్ములో కుడిపక్క పైభాగాన ఒక త్రికోణం ఉంది. అది థైమస్ గ్రంథి. పసితనంలో ప్రతి బిడ్డకూ పెద్దదిగానే ఉంటుంది, తర్వాత తర్వాత కుంచించుకుపోతుంది. దాన్ని చూసి నిమ్మనో, గడ్డ అనో భయపడటం కొత్తేమీ కాదు.

రెండోది సరిగ్గా తీశారు. కానీ ఇందులో ఊపిరితిత్తులు ఉండాల్సినదానికంటే ఉబ్బి ఉన్నాయి. గోపురం తీరున ఉండాల్సిన డయాఫ్రం చదునైపోయింది. గాలి లోపలికి పోతోంది, బయటికి రావడం లేదు. గుండెకు అటూ ఇటూ లేత మసక. మూడోదీ అంతే. ఫోన్లో ఉన్న నాలుగోదీ అంతే. నెలల తేడాతో, వేర్వేరు చోట్ల తీసిన మూడు ఎక్స్‌రేలు ఒకే మాట చెబుతున్నాయి. నిమ్మయితే ఇన్ని మందులకు కదిలేది, మారేది, ఒకచోట తగ్గి ఇంకోచోట తేలేది. ఇది కదల్లేదు.

"ఫిల్ములు పారేయకుండా దాచిన్రు, మంచి పని చేసిన్రు," అంది ఆమె, తండ్రితో. ఆయన తలొంచుకుని నిలబడ్డాడు. ఆ మాట ఆయనకు ఎంత బలమిచ్చిందో ముఖంలో తెలిసింది.

ఇప్పుడు సీటీ తీయాలి. ఎలా తీయాలన్న దాని మీద ఈ గదిలో కొంత చర్చ జరుగుతుంది. వినండి, ఎందుకంటే అసలు విషయమంతా ఇందులోనే ఉంది.

పెద్దవాళ్లకైతే "ఊపిరి పీల్చి బిగబట్టండి" అని చెప్పి తీసేస్తారు. ఏడు నెలల బాబుకు ఆ మాట చెప్పలేం. మత్తిస్తే కదలడు, నిజమే. కానీ మత్తులో ఊపిరి పైపైన ఆడుతుంది. వెల్లకిలా పడుకున్న బిడ్డకు వీపు వైపు ఊపిరితిత్తి భాగాలు ముడుచుకుపోతాయి. ముడుచుకున్న చోటు బొమ్మలో తెల్లబడుతుంది. ఆ తెలుపు జబ్బుదా, మత్తుదా? చెప్పడం కష్టం. జబ్బు కోసం వెతికే పరీక్షే లేని జబ్బును పుట్టిస్తుంది.

దీనికి 1999లో అమెరికాలో ఒహాయో రాష్ట్రం కొలంబస్ నగరంలోని వైద్యులు ఒక దారి చూపించారు. బిడ్డకు మత్తిచ్చి, ముఖానికి మాస్కు పెట్టి, మెల్లగా గాలి నింపుతూ కొన్ని నిండు ఊపిరులు ఇస్తే, ఆ వెంటనే బిడ్డ తనంతట తానే కొన్ని సెకన్లు ఊపిరి తీయకుండా ఆగుతుంది. ఆ విరామంలో గాలి నింపి పట్టి ఒకసారి, వదిలేసి ఇంకొకసారి బొమ్మ తీస్తారు. బొమ్మ స్పష్టంగా వస్తుంది. కాకపోతే మత్తు డాక్టరూ, ఆ పనిలో చెయ్యి తిరిగిన బృందమూ కావాలి.

ఇంకో దారి, బిడ్డను మామూలు నిద్రలో ఉంచి వేగమైన యంత్రంతో తీయడం. లండన్‌లో హౌన్స్‌ఫీల్డ్ 1971లో మొదటి రోగికి సీటీ తీసినప్పుడు ఒక్కో కోత బొమ్మకు నిమిషాలు పట్టేది. ఇవాళ్టి వేగమైన యంత్రాలు పసిబిడ్డ ఛాతీ మొత్తాన్ని సెకను కంటే తక్కువ సమయంలో దాటిపోతాయి. నిమిషానికి అరవై సార్లు ఊపిరాడే బిడ్డకు ఒక్కో ఊపిరికి ఒక్క సెకను. ఆ సెకనులో పీల్చే భాగం దొరికితే చాలు.

ఆస్పత్రిలో అలాంటి యంత్రం ఉంది. ఆమె రెండో దారే ఎంచుకుంది. "మత్తు వద్దు. సూది కూడా వద్దు, కాంట్రాస్టుతో పని లేదు. పాలు పట్టి నిద్రపుచ్చుదాం," అంది టెక్నీషియన్‌తో. ఒకే ఒక సందేహం మిగిలింది. గాలి వదిలినప్పటి బొమ్మ ఎలా? దానికీ ఆమె దగ్గర ఉపాయం ఉంది. కాసేపట్లో మీరే చూస్తారు.

తొమ్మిదిన్నర అయ్యింది. బాబును పొద్దున ఐదింటికే లేపారు. పాలు తాగి మూడు గంటలు దాటింది. ఇప్పుడు ఆకలికి గుక్కపెట్టాడు. ఏడుస్తుంటే డొక్కలు ఇంకా లోతుగా పోతున్నాయి. నాయనమ్మకు కోపం వచ్చేసింది. "పసిపోరన్ని ఇంతసేపు మాడబెడతరా?"

టెక్నీషియన్ నడివయసు మనిషి. ఆమె మాటకు నొచ్చుకోలేదు. "అమ్మా, ఇంకొక్క పది నిమిషాలు. ఆకలి మీద తాగితెనే గట్టిగ పండుకుంటడు. మత్తుమందు ఇయ్యకుండ చెయ్యాల్ననే గదా ఇదంత," అన్నాడు. తర్వాత తల్లి వైపు తిరిగి, "అక్కా, ఇట్ల రా. లోపలనే కూసొని పాలియ్యి. లైట్లు తీసేస్త," అన్నాడు.

సీటీ గది చల్లగా ఉంది. యంత్రం వేడెక్కకుండా ఏసీ తగ్గించలేరు. అందుకే బల్ల మీద వెచ్చని దుప్పటి పరిచి ఉంచారు. తల్లి గోడ వైపు తిరిగి కుర్చీలో కూర్చుని పాలిచ్చింది. బాబు ఆత్రంగా తాగాడు, ఆగాడు, మళ్లీ తాగాడు. ఆగినప్పుడల్లా ఊపిరి అందుకుంటున్నాడు. ఏడు నెలల పిల్లలు పాలు తాగడానికి ఇంత కష్టపడరు. వీడు ఊపిరికి ఖర్చుపెట్టే శక్తంతా బరువు పెరగడానికి పోవాల్సింది.

పావుగంటకు కళ్లు మూతలు పడ్డాయి. వేలికి తగిలించిన పల్స్ ఆక్సీమీటరు 91 చూపిస్తోంది. మెలకువగా ఉన్నప్పుడు 94 ఉంది. నిద్రలో పడిపోతోంది. దుప్పట్లో బిగుతుగా చుట్టి, చేతులు తల పక్కకు ఎత్తి పెట్టి, రెండు వైపులా దిండ్లు అమర్చారు. తల్లికి బరువైన లెడ్ ఏప్రాన్ తొడిగారు. తొడిగే ముందు టెక్నీషియన్ మెల్లగా ఒక ప్రశ్న అడిగాడు, నెల తప్పలేదు కదా అని. ఆమె లేదన్నట్టు తల ఊపింది. బాబు తలకు దగ్గరగా నిలబడి, చెంప మీద చెయ్యేసి ఉంచింది.

మీరు అద్దం వెనక కన్సోల్ గదిలోకి రండి.

మానిటర్ మీద అంకెలు చూడండి. వోల్టేజీ 80 కిలోవోల్టులకు తగ్గించి ఉంది. కరెంటు బిడ్డ బరువుకు సరిపడా. పెద్దవాళ్లకు పెట్టే అంకెలతోనే పసిబిడ్డకు తీస్తే అవసరం లేని రేడియేషన్ ఎన్నో రెట్లు పోతుంది. ఆ నిర్లక్ష్యం మీదే 2008లో అమెరికాలో "ఇమేజ్ జెంట్లీ" ఉద్యమం మొదలైంది. లెక్క కావాలంటే చెబుతాను. పసివాళ్ల ఛాతీ ఎక్స్‌రే ఒకటి సుమారు 0.02 మిల్లీసీవర్టు. జాగ్రత్తగా తీసిన పిల్లల ఛాతీ సీటీ 1 మిల్లీసీవర్టు అటూ ఇటూ. నేలనుంచీ ఆకాశంనుంచీ సహజంగానే మనిషికి ఏడాదికి సగటున 2.4 మిల్లీసీవర్టులు అందుతాయి. కాబట్టి ఒక్క మంచి సీటీకి భయపడి బిడ్డకు జబ్బు తేలకుండా వదిలేయడం తప్పు. ఊరికొకటి చొప్పున, ఒకదాని వెనక ఒకటి తీయించడమూ తప్పే. నా గట్టి నమ్మకం ఇది: తీస్తే ఒక్కసారి, తీయవలసినట్టు తీయాలి.

టెక్నీషియన్ చూపు బాబు పొట్ట మీద ఉంది. వేలు మీట మీద ఉంది. పొట్ట పైకి లేస్తోంది, దిగుతోంది. లేస్తోంది, దిగుతోంది. గదిలో ఎవరూ మాట్లాడటం లేదు. పైకి లేచిన ఒక క్షణంలో నొక్కాడు. బల్ల ఒక్క ఊపున లోపలికి జారింది. యంత్రం గుయ్యిమంది. అయిపోయింది. మీరు రెప్ప వేసి తీసేలోపే.

బాబు లేవలేదు. ఇక ఇందాక అనుకున్న ఉపాయం. టెక్నీషియన్ లోపలికి వెళ్లి, దుప్పటితో సహా బాబును కుడిపక్కకు తిప్పి పడుకోబెట్టాడు. ఒక పక్కకు పడుకుంటే కింద ఉన్న ఊపిరితిత్తి బరువుకు నొక్కుకుని గాలి వదులుతుంది, పైది నిండి ఉంటుంది. బిడ్డను ఊపిరి వదలమని చెప్పనక్కర్లేదు. భూమి ఆకర్షణే ఆ పని చేస్తుంది. ఆ భంగిమలో మొత్తం ఛాతీ కాకుండా ఎంచుకున్న కొన్ని కోతలు మాత్రమే తీశారు, రేడియేషన్ పెరగకుండా. తర్వాత ఎడమపక్క. ఎడమపక్కకు తిప్పేటప్పుడు బాబు చిన్నగా మూలిగాడు. తల్లి ఏదో కూనిరాగం తీసింది. సద్దుకున్నాడు.

వరండాలోకి తెచ్చేసరికి బాబు ఇంకా నిద్రలోనే ఉన్నాడు. నాయనమ్మ చేతుల్లోకి తీసుకుని, "గింతేనా?" అంది ఆశ్చర్యంగా.

మళ్లీ చీకటి గది. రేడియాలజిస్టు కుర్చీ ముందుకు జరుపుకుంది. మీరు భుజం పక్కన నిలబడ్డారు. మౌస్ చక్రం తిప్పుతుంటే బాబు ఛాతీ మెడనుంచి కిందికి ఒక్కో మిల్లీమీటరు కోతగా జారుతోంది. సీటీలో ప్రతి చుక్కకూ ఒక అంకె ఉంటుంది. నీటికి సున్నా, గాలికి మైనస్ వెయ్యి. గాలీ కణజాలమూ కలిసిన ఊపిరితిత్తి ఈ రెంటికీ మధ్య ఉంటుంది. మామూలుగా అయితే ఈ వయసు బిడ్డకు ఊపిరితిత్తి అంతా ఒకే రకం బూడిదరంగులో కనబడాలి.

ఇక్కడ అలా లేదు. గుండెకు రెండు పక్కలా, మధ్యభాగాన, స్నానాలగది కిటికీకి వేసే గరుకు అద్దంలోంచి చూసినట్టు ఒక లేత తెలుపు పరుచుకుని ఉంది. తెలుపు వెనక రక్తనాళాలు ఇంకా కనబడుతూనే ఉన్నాయి. దీన్ని గ్రౌండ్ గ్లాస్ అంటారు. ఆమె వేలు పెట్టి చూపించింది. కుడి ఊపిరితిత్తికి మూడు తమ్మెలు, ఎడమదానికి రెండు. కుడివైపు మధ్య తమ్మె, ఎడమవైపు దానికి జోడీగా ఉండే లింగ్యులా, ఈ రెండు చోట్లా తెలుపు బాగా చిక్కగా ఉంది. అంచులు గీత గీసినట్టు తెగి ఉన్నాయి. ఊపిరితిత్తి బయటి అంచులు మాత్రం శుభ్రం.

"ఇప్పుడు లేనివేంటో చూడు," అంది పక్కనున్న పీజీ విద్యార్థినితో. ఇది చూడడానికి ఓపిక కావాలి, అనుభవమూ కావాలి.

చిన్న చిన్న గుండ్రటి మచ్చలు చల్లినట్టున్నాయా? లేవు. ఉంటే మిలియరీ క్షయ గురించి ఆలోచించాలి. గాలి బుడగల తిత్తులు? లేవు. తిత్తులూ మచ్చలూ కలిసి పై భాగాల్లో ఉండి, అడుగు మూలలను వదిలేస్తే లాంగర్‌హాన్స్ సెల్ హిస్టియోసైటోసిస్ అనే మరో అరుదైన జబ్బును అనుమానించాలి. గ్రౌండ్ గ్లాస్ మీద సన్నటి గీతల వల? లేదు. ఉంటే దాన్ని క్రేజీ పేవింగ్ అంటారు. సర్ఫాక్టెంట్ సరిగ్గా తయారవని పిల్లల్లో కనబడుతుంది. గాలి గదులు ముడుచుకుపోకుండా కాపాడే పదార్థం సర్ఫాక్టెంట్. ఏబీసీఏ3 వంటి జన్యువుల్లో లోపముంటే పుట్టిన కొద్ది గంటలకో రోజులకో బిడ్డ ఊపిరి కష్టమవుతుంది. తల్లిదండ్రులిద్దరి నుంచీ లోపమున్న జన్యువు అందితే వచ్చే జబ్బు అది. అందుకే ఇలాంటి పిల్లలు వస్తే డాక్టర్లు "మీది మేనరికమా?" అని అడుగుతారు. తప్పు ఎంచడానికి అడగరు. జన్యు పరీక్ష ఎటునుంచి మొదలుపెట్టాలో తేల్చుకోవడానికి అడుగుతారు. ఈ బాబు తల్లిదండ్రులకు బంధుత్వం లేదు, పుట్టినప్పుడు ఊపిరి బాగానే ఉంది.

ఇక పక్కకు తిప్పి తీసిన బొమ్మలు. కుడిపక్కకు పడుకున్నప్పుడు కుడి ఊపిరితిత్తి కింద ఉంది. గాలి వదిలి తెల్లబడాలి. కొన్ని చోట్ల తెల్లబడింది. మధ్యమధ్య పెద్ద పెద్ద నల్లటి ముక్కలు అలాగే ఉండిపోయాయి. అక్కడి గాలి బయటికి పోలేదు. ఎడమపక్క బొమ్మలోనూ అదే. మధ్యలో గ్రౌండ్ గ్లాస్, మిగతా చోట్ల చిక్కుబడ్డ గాలి. ఆమె వెనక్కి వాలింది.

"నేహీ," అంది.

పూర్తి పేరు న్యూరోఎండోక్రైన్ సెల్ హైపర్‌ప్లేసియా ఆఫ్ ఇన్‌ఫెన్సీ. శ్వాసనాళాల లోపలి పొరలో న్యూరోఎండోక్రైన్ కణాలు అక్కడక్కడా మాత్రమే ఉండాలి. ఈ పిల్లల్లో అవి ఎక్కువగా ఉంటాయి. నెలలు నిండి ఆరోగ్యంగా పుట్టిన పిల్లలు, ఏడాది లోపే ఊపిరి వేగం, డొక్కలు ఎగరడం, స్టెతస్కోపు పెడితే చిటపట శబ్దం, ఆక్సిజన్ తగ్గడం. రాబిన్ డిటర్డింగ్ బృందం దీన్ని వర్ణిస్తూ 2005లో వ్యాసం ప్రచురించింది. అంటే వైద్యానికే ఈ జబ్బు కొత్త. 2007లో ఉత్తర అమెరికాలోని 11 ఆస్పత్రులు కలిసి, రెండేళ్ల లోపు పిల్లల 187 ఊపిరితిత్తి ముక్కలు పరిశీలించి, పెద్దవాళ్ల జబ్బుల పేర్లు పిల్లలకు అంటగట్టడం మానేసి, పసివాళ్లకు వేరే వర్గీకరణ రాశాయి. నేహీ లాంటి ఊపిరితిత్తి జబ్బులన్నీ కలిపినా చాలా అరుదు. బ్రిటన్, ఐర్లండ్ లెక్కలో పది లక్షల మంది పిల్లలకు నలుగురు కూడా లేరు.

మొదట్లో ఈ జబ్బు తేల్చాలంటే బిడ్డ పక్కటెముకల మధ్య కోసి ఊపిరితిత్తి ముక్క తీయక తప్పేది కాదు. 2010లో అలన్ బ్రాడీ బృందం, నేహీ ఉన్న పిల్లల సీటీలను వేరే ఊపిరితిత్తి జబ్బులున్న పిల్లల సీటీలతో కలిపి, జబ్బు పేరు చెప్పకుండా ఇద్దరు రేడియాలజిస్టులకు ఇచ్చింది. నేహీ ఉన్న పిల్లల్లో కనీసం 78 శాతం మందిని బొమ్మ చూసే పట్టుకున్నారు. లేనివాళ్లను ఉన్నారని ఒక్కసారి కూడా అనలేదు. చిన్న అధ్యయనమే. అయినా దారి మార్చింది. పిల్లవాడి లక్షణాలూ, బొమ్మా రెండూ అచ్చంగా సరిపోతే ఇప్పుడు చాలాచోట్ల కోత లేకుండానే చికిత్స మొదలవుతోంది. ఆ శాతం ఇంకో సంగతి కూడా చెబుతోంది. బొమ్మలో దొరకని పిల్లలూ ఉంటారు. బొమ్మ మామూలుగా వచ్చినంత మాత్రాన జబ్బు లేదని పంపించేయకూడదు.

గది వదిలి వెళ్లేముందు పక్క మానిటర్ వైపు చూడండి. అక్కడ నాలుగేళ్ల పాప. ఆమె కథ ఈ బాబుదానికి పూర్తిగా వేరు, కానీ ఇది మన దేశంలో పదేపదే జరిగేది. దగ్గు, ఆయాసం, రక్తం తక్కువ. రక్తం ఎక్కించారు, ఐరన్ సిరప్ ఇచ్చారు. ఎక్స్‌రేలో మచ్చలు కనబడితే క్షయ అని మందులు మొదలుపెట్టారు. క్షయ ఇంత ఉన్న దేశంలో డాక్టరుకు మొదట తట్టేది అదే, కాదనలేం. పాప పాత ఫిల్ములు వ్యూ బాక్సుకు తగిలించారు. ఒకదాంట్లో రెండు ఊపిరితిత్తులూ తెల్లగా ఉన్నాయి. పది రోజుల తర్వాతి దాంట్లో దాదాపు శుభ్రం. రెండు నెలలకు మళ్లీ తెలుపు. క్షయ ఇంత తొందరగా వచ్చిపోదు. ఊపిరితిత్తిలోకి రక్తం కారినప్పుడే మచ్చలు ఇలా తేలి, ఇలా మాయమవుతాయి. ఇడియోపతిక్ పల్మనరీ హీమోసిడెరోసిస్. చిన్నపిల్లలు కఫం ఉమ్మరు, మింగేస్తారు. అందుకే నోట్లోంచి రక్తం పడటం ఎవరి కంటా పడదు, ఒంట్లో రక్తం మాత్రం తగ్గిపోతూ ఉంటుంది. పొద్దున్నే పాప కడుపులోంచి తీసిన నీళ్లలో ఇనుము మింగిన కణాలు దొరికితే అనుమానం బలపడుతుంది. దీనికి వాడే ముఖ్యమైన మందు స్టెరాయిడ్. క్షయ మందులు ఈ రక్తస్రావాన్ని ఆపవు.

ఈ పాపను పట్టించింది కొత్త సీటీ ఒక్కటే కాదు, తేదీలున్న పాత ఎక్స్‌రేలు.

మధ్యాహ్నం. పిల్లల ఊపిరితిత్తుల డాక్టరు గదిలో బాబు లేచి నాయనమ్మ గాజులు లాగుతున్నాడు. డాక్టరు తల్లితో నెమ్మదిగా చెబుతున్నాడు.

"అమ్మా, ఇది నిమ్ము కాదు. క్షయ కాదు. ఆస్తమా కూడా కాదు. అందుకే యాంటీబయాటిక్స్, నెబ్యులైజర్ పనిచెయ్యలే."

"మల్ల మందేంది సార్?"

"దీన్ని తగ్గించే మందంటూ లేదమ్మా. స్టెరాయిడ్ కూడా దీనికి పనిచెయ్యదు, అందుకే ఇస్తలేం. నిద్రల ఆక్సిజన్ పెడదాం, ఇంట్లనే, చిన్న మిషన్ ఉంటది. తిండి గట్టిగ చూసుకుందాం. బరువు పెరగాలె. జలుబున్నోళ్లను దగ్గరికి రానియ్యకు. టీకాలు ఒక్కటి గూడ తప్పొద్దు. పెరిగేకొద్ది ఎక్కువ మంది పిల్లలకు ఆక్సిజన్ అవసరం తగ్గుతది."

నాయనమ్మ అప్పటిదాకా విని, ఒక్కటే అడిగింది. "పానానికి భయం లేదు గద డాక్టరు బాబూ?"

"ఈ జబ్బుతోని పిల్లలు బతుకుతరమ్మా. పెద్దోళ్లయితరు. కానీ కొన్నేండ్లు మనం కాపాడుకోవాలె."

ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది. తండ్రి ఎక్స్‌రేలన్నీ, కొత్త సీడీతో సహా, తేదీ వారీగా కవర్లో సర్దుతున్నాడు. ఎవరూ చెప్పకుండానే.

మీ ఇంట్లోనో, పక్కింట్లోనో ఇలాంటి బిడ్డ ఉండవచ్చు. పెదాలు నీలం పడినా, పాలు తాగలేకపోతున్నా ఏ లెక్కా వద్దు, వెంటనే ఆస్పత్రికి పరుగెత్తండి. అంత ప్రమాదం లేకుండా, జలుబూ జ్వరమూ తగ్గి వారాలు గడిచినా బిడ్డ ఊపిరి వేగం తగ్గకపోతే, నిద్రపోయేటప్పుడు నిండా ఒక నిమిషం లెక్కపెట్టండి. రెండు నెలలు దాటి ఏడాది లోపు బిడ్డకు 50, ఏడాది దాటితే 40 కంటే తగ్గడం లేదంటే, ఇంకో యాంటీబయాటిక్ కోర్సుకు ముందు పిల్లల ఊపిరితిత్తుల నిపుణుడికి చూపించమని అడగండి. తీసిన ప్రతి ఎక్స్‌రే, ప్రతి రిపోర్టు తేదీతో దాచి వెంట తీసుకెళ్లండి. సీటీ తీయాలంటే మూడు ప్రశ్నలు అడగండి: మోతాదు పిల్లల బరువుకు తగ్గించారా, మామూలు నిద్రలో తీయడం కుదురుతుందా, గాలి వదిలినప్పటి బొమ్మ కూడా తీస్తారా? అడగడం మీ హక్కు. మంచి డాక్టరు ఎవరూ ఈ ప్రశ్నలకు నొచ్చుకోరు.